బీదర్ అంగడికి ఒక్క గుర్రంతో వచ్చిన రష్యా బేరగాడు



బీదర్ మనకు పరాయి ఊరు కాదు. జహీరాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్ల చిల్లర. దవాఖానకు పోతం, పెండ్లి బట్టలకు పోతం, చుట్టాలింటికి పోతం. 1956లో రాష్ట్రాలు విడగొట్టేదాకా మన జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండె. ఆ తర్వాతనే మెదక్‌ల కలిపిన్రు. అందుకే బీదర్ చరిత్ర అంటే సగం మన చరిత్రే. ఇయ్యాల ఆ చరిత్రల ఒక మనిషి గురించి రాస్తున్న. కొంచెం పొడుగు ఉంటది, తీరిక చేసుకొని చదవండి.

ఆయన పేరు అఫనాసి నికితిన్. దేశం రష్యా. సుమారు 550 ఏండ్ల కింద, 1470 ప్రాంతంల, ఒక్క గుర్రాన్ని అమ్ముకోనీకి బీదర్‌కు వచ్చిండు. వాస్కోడగామా కేరళ ఒడ్డున దిగింది 1498ల. అంటే ఈయన దాదాపు ముప్పై ఏండ్లు ముందు. యూరప్ నుంచి మన దేశం వచ్చిన మొదటి మనిషి ఈయనే అని కొందరు రాస్తరు, అది సరి కాదు. ఇటలీ నుంచి నికోలో కాంటి అనేటాయన అంతకు ముందే విజయనగరం చూసి పోయిండు. నికితిన్ ప్రత్యేకత వేరే ఉన్నది. ఆయన వెనక రాజు లేడు, సైన్యం లేదు, కంపెనీ లేదు. దారిల దోపిడీ అయ్యి, చేతిల ఏమీ లేకుండ అయిన చిన్న వ్యాపారి. కానీ చూసింది చూసినట్టు, పెట్టిన ఖర్చు పెట్టినట్టు కాయితం మీద రాసుకున్నడు. ఆ రాతలనే మన వైపు ఊళ్ళల్ల జనం అప్పట్ల ఎట్ల బతికిన్రో ఒక ముక్క మిగిలింది.

ఆయన సొంతూరు త్వేర్. వోల్గా నది ఒడ్డున, మాస్కోకు ఉత్తరాన ఉంటది. ఆ దేశంల చలికాలం అంటే నెలల తరబడి మంచు. పంట కన్న అడవి మీద వచ్చే పైసలే వ్యాపారులకు ఎక్కువ. సేబుల్ అని ముంగిస తీరు జంతువు, నక్కలు, ఉడుతలు, వీటి బొచ్చు తోళ్ళు ఆ రోజుల్ల రష్యా నుంచి బయటకు పోయే అసలు సరుకు. వేటగాండ్ల దగ్గర కొని, వోల్గా మీద పడవలకెత్తి దక్షిణానికి తీసుకపోయి, అక్కడి పట్టు, మసాలా దినుసులు కొని తెచ్చి అమ్మేటోళ్ళు. మంచు దేశపు బొచ్చు తోలు దక్షిణాన రాజుల భుజాల మీదకు, దక్షిణపు మిరియం మంచు దేశపు వంటింటికి. నికితిన్ కూడ ఆ దారిన తిరిగే బేరగాడే.

1468 ప్రాంతంల షిర్వాన్ రాజు దగ్గర నుంచి ఒక రాయబారి మాస్కోకు వచ్చిండు. షిర్వాన్ అంటే ఇప్పటి అజర్‌బైజాన్ వైపు. ఆ రాయబారి వాపస్ పోతుంటే మాస్కో రాజు 90 వేట డేగలను కానుకగ ఇచ్చి పంపిండు. పెద్దమనిషి వెంట పోతే దారి భద్రం అని నికితిన్, ఇంకొందరు వ్యాపారులు కలిసి బయలుదేరిన్రు. కానీ వోల్గా సముద్రంల కలిసే చోట, ఆస్త్రఖాన్ దగ్గర, తాతార్లు మీద పడి దోచుకున్నరు. నికితిన్ సరుకంతా పోయింది. ఎట్లనో సముద్రంల పడితే తుఫాను వచ్చి ఒక పడవ ఒడ్డుకు కొట్టుకపోయింది, దాంట్ల ఉన్నోళ్ళను అక్కడి వాళ్ళు పట్టుకున్నరు. తర్వాత వాళ్ళు విడుదలైన్రు గానీ సరుకు రాలేదు. అందరు కలిసి షిర్వాన్ రాజు దగ్గరకు పోయి, మా ఊరికి చేరే ఖర్చన్న ఇప్పించండి అని మొర పెట్టుకున్నరు. మీరు చాలమంది ఉన్నరు అని ఆయన ఏమీ ఇయ్యలేదు.

ఇక్కడ ఆయన రాసిన సంగతి చదివితే మనకు కొత్తగ అనిపించదు. ఊర్ల ఏమన్న ఆస్తి ఉన్నోడు ఊరికి మళ్ళిండట. ఊర్ల అప్పు ఉన్నోడు మాత్రం కండ్లు చూపిన దిక్కుకు పోయిండట. కొందరు బాకూల కూలి పనికి పోయిన్రట. నికితిన్ ఊరికి పోలేదు. ఆయన కూడ సరుకు అప్పు మీద తెచ్చిన వాడే అయ్యి ఉంటడని చదువుకున్నోళ్ళ అంచనా. వాపస్ పోతే సావుకారు ముందట నిలబడాలె. అందుకే దెర్బెంట్, బాకూ మీదుగ సముద్రం దాటి పర్షియాకు, అంటే ఇప్పటి ఇరాన్‌కు, పోయిండు. అక్కడ ఊరూరు తిరుగుకుంట చివరికి హోర్ముజ్ రేవుకు చేరిండు.

హోర్ముజ్‌ల ఏం మాట విన్నడో ఆయన తర్వాత చేసిన పనిని బట్టే తెలుస్తది. హిందుస్థాన్ల గుర్రాలు పుట్టవు, ఎడ్లు, బర్రెలే పుడతయి, అక్కడి సుల్తాన్లకు ఎన్ని గుర్రాలైనా తక్కువే. ఇది వట్టి మాట కాదు. దక్కన్ వాతావరణంల మంచి యుద్ధపు గుర్రాల పెంపకం సరిగ నడవలేదు. బహమనీలు, విజయనగరం వాళ్ళు ఇద్దరూ ఎడతెగని యుద్ధాలు చేసిన్రు, ఇద్దరికీ అరేబియా, పర్షియా గుర్రాలే దిక్కు. అందుకని నికితిన్ ఉన్న పైసలన్నీ ఊడ్చి ఒక మగ గుర్రం కొన్నడు. పడవల ఆరు వారాలు ప్రయాణం చేసి కొంకణ తీరంల చౌల్ రేవుల దిగిండు. ఇది ఇప్పటి మహారాష్ట్రల ఉంటది. ఆ గుర్రాన్ని మన గడ్డ మీదకు చేర్చేసరికి 100 రూబుళ్ళు పడ్డయని రాసుకున్నడు. ఆ కాలంల అది చిన్న సొమ్ము కాదు. అప్పులోడు మిగిలిన పైసలన్నీ ఒక్క పశువు మీద పెట్టిండు.

చౌల్ నుంచి కొండలెక్కి జున్నర్ చేరేసరికి వానలు మొదలైనయి. రాత్రి పగలు నీళ్ళు, బురద, నాలుగు నెలలు అదే తీరు అన్నడు. మంచు తప్ప వాన ఇంతగ ఎరుగని మనిషి కద, దానికి చలికాలం అనే పేరు పెట్టిండు. ఆ దినాల్లనే జనం దున్నుడు, గోధుమ, వరి, శనగలు, తినే పంటలన్నీ విత్తుడు చూసిన అన్నడు. గోధుమ, శనగ వానాకాలం పంటలు కావు కద అని మీకు అనుమానం వస్తది. ఆయన సేద్యగాడు కాదు, విన్నవి చూసినవి ఒక్కతాన కలిపి రాసిండు. అక్టోబర్ నాటికి వాళ్ళకు వసంతం వచ్చింది అని కూడ రాసిండు. వానలు వెనక్కి పోయి చేన్లు పచ్చగ ఉన్నప్పుడు పరాయోడికి అట్లనే అనిపిస్తది.

గుర్రాలకు ఏం పెడతరో మాత్రం మంచిగ గమనించిండు. పెట్టేది ఆయన జేబు నుంచే కద. శనగలు పెడతరు, చక్కెర, నెయ్యి వేసి కిచిడీ వండి పెడతరు అన్నడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందటికి పనికొస్తది.

జున్నర్‌లనే పెద్ద గండం వచ్చింది. ఆ ఊరు ఏలే అసద్ ఖాన్ అనేటాయన గుర్రాన్ని గుంజుకున్నడు. ఈయన మన మతపోడు కాదు, రష్యా వాడు అని తెలిసి ఒక షరతు పెట్టిండు. మతం మారితే గుర్రం వాపస్ ఇస్త, పైన వెయ్యి బంగారు నాణేలు ఇస్త. మారకపోతే గుర్రమూ నాదే, నీ తల మీద వెయ్యి నాణేల జుర్మానా. నాలుగు దినాల గడువు. నికితిన్‌కు ఏం తోచలేదు. ఆ గడువుల్నే ఖురాసాన్ నుంచి వచ్చిన ఖ్వాజా మహమ్మద్ అనే పెద్దమనిషి ఊర్లకు వచ్చిండు. ఆయన కాళ్ళా వేళ్ళా పడితే, ఆయన పోయి ఖాన్‌తో మాట్లాడి మతం సంగతి మాన్పించి గుర్రం ఇప్పించిండు. గుంజుకున్నోడు ముసల్మానే, ఇడిపించినోడూ ముసల్మానే. ఈ రెండు సంగతులు నికితిన్ పక్కపక్కనే రాసిండు. చరిత్ర చెప్పేటప్పుడు ఒక్కటి చెప్పి ఇంకొకటి దాచేటోళ్ళు మనల్ల ఎక్కువైన్రు, అందుకే ఈ మాట చెప్తున్న.

జున్నర్ నుంచి బీదర్‌కు నెల రోజుల నడక. అప్పుడు బీదర్ బహమనీ సుల్తానుల రాజధాని. మూడో మహమ్మద్ షా గద్దె మీద ఉన్నడు. నికితిన్ అక్కడి సుల్తాన్ కోటకు ఏడు దర్వాజాలు లెక్క పెట్టిండు. ఒక్కొక్క దర్వాజ దగ్గర వందమంది కావలోళ్ళు, వందమంది రాతగాండ్లు. ఎవరు లోపటికి పోయిన్రు, ఎవరు బయటకు వచ్చిన్రు అన్నీ రాసుడే. పరాయోళ్ళను రానియ్యరు. బక్రీదు పండుగకు సుల్తాన్ ఊరేగుతే ఉక్కు కవచాలు తొడిగిన 300 ఏనుగులు వెంట నడిచినయట.

ఆళంద్ జాతర గురించి కూడ రాసిండు. ఇప్పుడు కలబురగి జిల్లాల ఉన్న ఆళందే, లాడ్లే మషాయిక్ దర్గా ఉన్న ఊరు. ఏడాదికి ఒకసారి పది దినాల అంగడి, హిందుస్థాన్ల దాన్ని మించింది లేదు, అమ్మనీకి 20,000 గుర్రాలు వస్తయి అన్నడు. ఆయన అంకెలు కొన్ని ఉబ్బించినవే. అయినా సగానికి సగం కోసినా అది ఎంత పెద్ద అంగడో ఊహించుకోండి. ఆ ఆళంద్‌లనే గూక్ గూక్ అని రాత్రిపూట అరిచే పిట్ట ఉంటది, అది ఎవరి ఇంటి మీద వాలితే ఆ ఇంట్ల చావు అని జనం అనుకుంటరు అని రాసిండు. గుడ్లగూబ గురించి మన ముసలవ్వలు చెప్పే మాట రష్యా పుస్తకంల 550 ఏండ్ల నుంచి ఉన్నది.

ఇంతకు గుర్రం ఏమైంది? వెంటనే అమ్ముడు పోలేదు. ఏడాది పాటు మేపిండు. దాని మీద 68 ఫుతూన్లు ఖర్చైనయని లెక్క రాసిండు. ఫుతూన్ అంటే అప్పటి నాణెం. చివరికి క్రిస్మస్ దినాల్ల బీదర్‌ల అమ్మిండు. కొన్న తర్వాత పడ్డ ఖర్చు రాసిన మనిషి, మేత ఖర్చు రాసిన మనిషి, అమ్మిన ధర మాత్రం రాయలేదు. లాభం వచ్చినోడు ధర రాయకుండ ఉంటడా? మీరే చెప్పండి.

పైసలు చేతికి వస్తే ఇక్కడి సరుకు కొని ఊరికి తీసుకపోయి అప్పు తీర్చాలని ఆయన ఆలోచన. ఇక్కడే రెండో దెబ్బ. హిందుస్థాన్ల మీ దేశానికి పనికొచ్చే సరుకు కుప్పలు కుప్పలుగ ఉన్నదని దారిల వ్యాపారులు ఆశ చూపిన్రు. వచ్చి చూస్తే రష్యాల అమ్ముడయ్యే సరుకు ఏమీ లేదు. మిరియాలు, రంగులు చవకే. కానీ సముద్రం దాటియ్యాలంటే సుంకం ఎక్కువ, దారి పొడుగునా దొంగలు. తనకు చెప్పినోళ్ళను గట్టిగనే తిట్టుకున్నడు. బతుకుడు కూడ ఖర్చే, ఒక్కడినే ఉన్న, తాగుడు లేదు, అయినా రోజుకు తిండికే రెండున్నర అల్తీన్లు పోతున్నయి అని రాసిండు. అల్తీన్ అంటే వాళ్ళ చిల్లర నాణెం.

ఇంకొకటి మన జహీరాబాద్ రైతులకు ప్రత్యేకంగ చెప్పాలె. కాలికట్ రేవుల ఏం ఏం దొరుకుతయో విని రాసిన పట్టీల మిరియం, లవంగం, దాల్చిన చెక్కతో పాటు అద్రక్ కూడ ఉన్నది. రష్యా అక్షరాల్ల అదే మాట, కొంచెం నాలుక తిరిగి, అద్ర్యాక్ అని. మనం ఇక్కడ అంగట్ల అనే మాటే. నిరుడు ఫలానా ఊర్ల అల్లానికి ధర వచ్చిందట అంటే ఈ యేడు ఊరంతా అల్లమే పెడుతది. చెప్పినోడు ధర చెప్తడు. దున్నకం, విత్తనం, కూలి, లారీ కిరాయి, అడ్తి కమీషన్ పోను ఎంత మిగిలిందో చెప్పడు. నికితిన్‌కు సరుకు ఉన్నదని చెప్పిన్రు, సుంకం సంగతి చెప్పలేదు. తేడా ఏమున్నది?

ఇప్పుడు అసలు సంగతికి వస్త. బహమనీల చరిత్ర పుస్తకాలు చాల ఉన్నయి. ఎక్కువ శాతం కొలువుల ఉన్నోళ్ళు రాసినవి. వాటిల్ల ఏ సుల్తాన్ ఏ కోట పట్టిండు, ఎవని తల కొట్టిండు అని ఉంటది. బయటి నుంచి వచ్చిన ఈ బేరగాడు ఒక్క చిన్న వాక్యంల రాసిన సంగతి వాటిల్ల దొరకదు. దేశం నిండా జనం ఉన్నరు, ఊరి జనానికి మాత్రం ఒంటి మీద బట్ట కూడ సరిగ లేదు, దొరల బలం, దర్జా చూస్తే కండ్లు తిరుగుతయి అని ఆయన చెప్పిన దాని అర్థం. దొరను వెండి పల్లకిల మోస్తరు. ముందట బంగారు జీను కట్టిన ఇరవై గుర్రాలు, వెనక 300 మంది గుర్రపు రౌతులు, 500 మంది కాల్బలం, బూరలు, డప్పులు.

ఇందాక గుర్తు పెట్టుకొమ్మన్న మాట ఇక్కడ కలపండి. గుర్రానికి నెయ్యి కిచిడీ. దాన్ని పండించినోడికి ఒంటి మీద బట్ట లేదు. ఆ 20,000 గుర్రాల ఖరీదు ఏ ఖజానా నుంచి పోయింది? ఆ ఖజానాకు ఏ శిస్తు వచ్చింది? సుల్తాన్ నాగలి పట్టలేదు, దొరలు కలుపు తీయలేదు. బీదర్ చుట్టూ ఉన్న ఈ ఎర్ర నేలల్ల, నల్ల నేలల్ల మన పూర్వీకులు పండించిన గింజే హోర్ముజ్ గుర్రమై వచ్చి, యుద్ధంల చచ్చిపోయింది. మళ్ళ వచ్చే ఏడు ఇంకో గుర్రం. నికితిన్ ఈ లెక్క విడమరిచి చెప్పలేదు. కానీ రెండు కొసలూ రాసి పెట్టిండు, నడుమ ముడి మనం వేసుకోవాలె.

అప్పటి రాజ్యాన్ని నిజంగ నడిపింది సుల్తాన్ కాదు, మహమూద్ గవాన్. నికితిన్ ఆయనను మలిక్ తుజ్జార్ అనే బిరుదుతోనే రాసిండు, అంటే వ్యాపారులకు రాజు అని అర్థం. పేరుకు తగ్గట్టే గవాన్ కూడ పర్షియాల గీలాన్ నుంచి 1453 ప్రాంతంల వ్యాపారిగనే బీదర్ వచ్చిన మనిషి. ఒక వ్యాపారి వజీర్ అయ్యిండు, ఇంకో వ్యాపారి గుర్రం అమ్ముకోలేక ఏడాది మేపిండు. గవాన్ కొట్టంల 2,000 గుర్రాలు, అందుల వెయ్యి రాత్రింబవళ్ళు జీనుతో సిద్ధంగ ఉంటయి, రోజూ 500 మంది ఆయన ఇంట్ల భోజనం చేస్తరు అని నికితిన్ రాసిండు. ఆయన భూములు కొలిపించి, హద్దులు పెట్టించి, శిస్తుకు ఒక లెక్క తెచ్చిండని చరిత్ర చెప్తది. 1472ల ఆయన కట్టించిన మదర్సా బీదర్‌ల ఇప్పటికీ ఉన్నది. రంగు పలకల మినారు చూసే ఉంటరు. ఔరంగజేబు కాలంల పిడుగు పడి, మందుగుండు పేలి సగం కూలింది. గవాన్ చావు కూడ బాధాకరమే. గిట్టనోళ్ళు దొంగ ఉత్తరం పుట్టిచ్చి సుల్తాన్‌కు చూపిస్తే, వెనక ముందు చూడకుండ 1481ల తల తీయించిండు. ఆ తర్వాత రాజ్యం నిలువలేదు, ముక్కలైంది.

బీదర్‌ల నికితిన్ స్నేహం చేసింది దొరలతో కాదు, మామూలు జనంతో. మొదట్ల ఖ్వాజా యూసుఫ్ ఖురాసానీ అని పేరు పెట్టుకొని తిరిగిండు. తర్వాత ఇక్కడి హిందువులతో, నేను క్రైస్తవుణ్ణి, నా పేరు అఫనాసి అని నిజం చెప్పిండు. అప్పటి నుంచి వాళ్ళు ఆయన దగ్గర తిండి గానీ, బేరం గానీ, పూజ గానీ ఏదీ దాచలేదట. రోజుకు రెండుసార్లు తింటరు, కుడి చేతితోనే తింటరు, ప్రయాణంల ఎవరి కుండ వాళ్ళదే అని రాసిండు. ఎద్దును తండ్రి అంటరు, ఆవును తల్లి అంటరు, పేడ పిడకల మీద రొట్టె కాలుస్తరు, ఆ బూడిదనే నొసటికి పూసుకుంటరు అన్నడు. ఎవరూ మాంసం ముట్టరు అని కూడ అన్నడు, అది ఆయనతో తిరిగినోళ్ళ సంగతి అయ్యి ఉంటది. ఎద్దు, ఆవు, పిడక, రొట్టె, విభూతి, మన ఇంటి వాకిలే కద ఇది!

ఆ స్నేహితులతోనే కలిసి నెల రోజులు నడిచి శివరాత్రికి పర్వతం పోయిండు. పర్వతం అంటే మన శ్రీశైలం. క్రైస్తవులకు జెరూసలేం, ముసల్మాన్లకు మక్కా ఎట్లనో వీళ్ళకు ఇది అట్ల అని తన దేశపోళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పిండు. గుడి త్వేర్ ఊర్ల సగం అంత ఉన్నది, గోడల చుట్టూ పన్నెండు వరుసల బొమ్మలు, తొండం ఉన్న దేవుడు, కోతి ముఖం దేవుడు, నల్ల రాతి ఎద్దు, జనం దాని గిట్టకు ముద్దు పెట్టి పూలు చల్లుడు, ఆడ మగ గుండ్లు చేయించుకునుడు, తలకు ఇంత అని పన్ను కట్టుడు, అన్నీ రాసిండు. శ్రీశైలం ప్రాకారం గోడ మీద చెక్కిన బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు. అమావాస్య ముందు రాత్రి మన తాతముత్తాతలతో పాటు ఒక రష్యావాడు ఆ గుంపుల నిలబడ్డడు అంటే వింతనే.

కానీ మనసు ఊరి మీదనే ఉండె. పండుగల లెక్క చూసుకునే పుస్తకాలు దోపిడీల పోయినయి. ఏ పండుగ ఎప్పుడో తెలియక అంచనాగ ఉపవాసాలు చేసిండు. తన దేశం లాంటి దేశం లోకంల లేదు, అక్కడి దొరలు న్యాయం లేనోళ్ళు గానీ, ఆ దేశం బాగుపడాలె, న్యాయం నిలవాలె అని రాసిండు. ఈ మాట రష్యా భాషల రాయలేదు. తురక భాషల రాసిండు. దొరల మీద మాట కద, చదివినోడికి అర్థం కావద్దనేమో.

వాపస్ ప్రయాణం దాభోల్ రేవు నుంచి. పడవ దారి తప్పి ఆఫ్రికాల ఇథియోపియా ఒడ్డుకు పోయింది. అక్కడోళ్ళకు బియ్యం, మిరియాలు ఇచ్చి ప్రాణాలు కాపాడుకున్నరు. హోర్ముజ్, షిరాజ్, తబ్రీజ్ మీదుగ నల్ల సముద్రం చేరితే, ట్రెబిజోండ్‌ల గూఢచారి అనుకొని సోదా చేసి ఉన్న కాస్త కూడ ఊడ్చుకున్నరు. అయినా రాతలు దక్కినయి. సొంతూరు మాత్రం చేరలేదు. స్మోలెన్స్క్ ఊరు ఇంకా రాకముందే దారిల చనిపోయిండు. ఆయన చేతిరాత కాయితాలను తోటి వ్యాపారులు మాస్కోకు తెచ్చి, 1475ల వసీలీ మామిరెవ్ అనే రాజు గారి రాతగానికి అప్పజెప్పిన్రు. మూడు సముద్రాల అవతలి ప్రయాణం అని దానికి పేరు వచ్చింది. తర్వాత మూడు వందల ఏండ్లకు పైగ మఠంల మూల పడి ఉంటే, 19వ శతాబ్దం మొదట్ల కరంజిన్ అనే చరిత్రకారుడు బయటకు తీసిండు. 1957ల నర్గీస్, బల్‌రాజ్ సాహ్నీ కలిసి నటించిన పరదేశీ సినిమా ఈయన కథే, మన దేశం, రష్యా కలిసి తీసిన్రు. త్వేర్‌ల వోల్గా ఒడ్డున ఆయన విగ్రహం ఉన్నది. ఆయన దిగిన చౌల్ పక్కన రేవ్‌దండాల కూడ స్మారక స్తంభం పెట్టిన్రు.

వ్యాపారం చూస్తే ఆయన ఓడిపోయిన మనిషి. బొచ్చు తోళ్ళు నదిల పోయినయి, గుర్రం ఏమన్న మిగిల్చిందో లేదో తెలియదు, ఊరు కూడ దక్కలేదు. ఆ రోజుల్ల గుర్రాలు అమ్మిన వేరే వ్యాపారుల పేర్లు మనకు గుర్తు లేవు. మేత ఖర్చు రాసుకున్నోడి పేరు మిగిలింది. ఆయన రాయబట్టే మన ఊరి జనం అప్పట్ల ఎట్ల ఉన్నరో ఒక్క వాక్యం మిగిలింది. ఆ జనం మాత్రం తమ గురించి తాము ఒక్క ముక్క కూడ రాసి పెట్టలేదు. రాయనీకి చదువు లేకుండె, కాయితం లేకుండె. మనకు రెండూ ఉన్నయి.

అందుకని చెప్పేది ఒక్కటే. ఈ వానాకాలం నుంచి ఒక నోటుబుక్కు పెట్టండి. వాన ఏ దినం పడ్డది, విత్తనం ఏ ధరకు తెచ్చిన్రు, కూలి ఎంత, మందులు ఎంత, అంగట్ల ఎంత వచ్చింది. నికితిన్ వదిలేసిన ఆ చివరి అంకె మాత్రం మీరు వదలొద్దు, అమ్మిన ధర కూడ రాయండి. బ్యాంకుల అప్పు అడిగేనాడు, పంట నష్టం లెక్క చెప్పేనాడు పనికొస్తది. ఏ యాభై ఏండ్లకో మన మనుమండ్లు తెరిచి చూస్తే, జహీరాబాద్ రైతు ఎట్ల బతికిండో పరాయోడు చెప్పాల్సిన పని ఉండదు.

బీదర్ పోయినప్పుడు కోట, మదర్సా ఒకసారి చూసి రండి. పిల్లలను తీసుకపోండి. మీ ఊర్ల పాత అంగళ్ళ గురించి, పశువుల జాతరల గురించి పెద్దోళ్ళు చెప్పిన సంగతులు ఉంటే కింద రాయండి, అన్నీ ఒక్కతాన చేర్చుదాం.

జై కిసాన్.